కొలువు ప్రశ్నలు: పెరుగుతున్న వెబ్ బృందానికి ప్రోగ్రామర్ల ఎంపిక

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఉద్యోగం ఇచ్చేవారు రాసినవీ, ఉద్యోగం కోరేవారు రాసినవీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకరి ప్రశ్నకు మరొకరి ఉత్తరంలో సగం జవాబు కనిపించింది. అందుకే అన్నిటినీ ఒకే చోట ప్రచురిస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు వెల్లడించడం లేదు.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. బరంపురంలో ఆరేళ్ళుగా వెబ్‌సైట్లు, చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ అమ్మకాల ఏర్పాట్లు చేసిపెట్టే సంస్థను నడుపుతున్నాను. ప్రస్తుతం ఏడుగురం ఉన్నాం. విశాఖపట్నం నుంచి ఒక పెద్ద పని వచ్చింది కాబట్టి మూడు నెలల్లో మరో ఆరుగురు ప్రోగ్రామర్లు కావాలి. ప్రకటన ఇస్తే దరఖాస్తులు కుప్పలుగా వచ్చాయి గానీ అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇంటర్వ్యూలో గడగడా జవాబులు చెప్పినవారు తీరా పనిలో కూర్చుంటే తడబడుతున్నారు. కిందటేడు అనుభవజ్ఞులని తీసుకున్న ఇద్దరు నాలుగు నెలలు తిరగకముందే బెంగళూరు వెళ్ళిపోయారు. మంచి పనివాళ్ళను ఎక్కడ వెతకాలి, ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలుపుకోవాలి? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆరుగురు ఎక్కడ దొరుకుతారన్నది తరువాతి మాట. వచ్చే ఆరుగురు రాసిన కోడ్‌ను రోజూ చదివి, తప్పు ఎక్కడుందో చెప్పి, దాన్ని కస్టమర్ వరకు పోనివ్వకుండా ఆపగలవారు మీ ఏడుగురిలో ఎందరున్నారో ముందు తేల్చుకోండి. చిన్న సంస్థల్లో సాధారణంగా అలాంటివారు ఇద్దరే ఉంటారు, వారిలో ఒకరు యజమానే అయి ఉంటారు. ఒక్కొక్కరు తమ సొంత పని చెడకుండా ఒకేసారి ఒకరికో ఇద్దరికో నేర్పగలరు తప్ప అంతకు మించి నేర్పలేరు. మీ బృందం ఎంత వేగంగా పెరగగలదో చెప్పేది ఈ లెక్కే గాని, చేతిలో ఉన్న ఆర్డరు కాదు.

ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమవుతున్న సాఫ్ట్‌వేర్ పనికి కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని 1975లోనే హెచ్చరించారు. దాని వెనుక ఉన్న లెక్క చాలా మామూలుది. ఏడుగురి బృందంలో ఇద్దరిద్దరి మధ్య మాట నడిచే దారులు 21 ఉంటే, పదమూడు మంది అయ్యేసరికి అవి 78 అవుతాయి. మనుషులు రెండింతలు కాకుండానే, ఒకరి మాట మరొకరికి చేరకపోవడానికి అవకాశాలు మూడింతలు దాటిపోతాయి. దానికి తోడు కొత్తవారికి పని చూపించే భారం పాతవారి మీదనే పడుతుంది కాబట్టి మొదటి నెలల్లో మీ వేగం పెరగకపోగా తగ్గుతుంది. విశాఖ కస్టమర్‌తో గడువు మాట్లాడేటప్పుడే ఈ సంగతి దాచకుండా చెప్పండి.

కాబట్టి ఆరుగురినీ ఒకేసారి తీసుకోవద్దని నా సలహా. మొదట ఒక్కరిని తీసుకోండి. ఆ ఒక్కరు ఇతరుల కోడ్ చదివి ఓపికగా దిద్దగల అనుభవజ్ఞులై ఉండాలి. మీ జీతాల బడ్జెట్‌లో పెద్ద వాటా అక్కడ ఖర్చయినా వెనుకాడవద్దు. వారు కుదురుకున్నాక ఇద్దరిని, ఆ ఇద్దరి పని గాడిలో పడ్డాక మరో ఇద్దరిని చేర్చుకోవచ్చు. మిగిలిన పని గడువుకు అందకపోతే, రూపకల్పన, పరీక్షించడం వంటి విడదీయగల భాగాలను కొన్నాళ్ళ పాటు బయటివారికి ఇవ్వడం నయం.

ఆ మొదటి వ్యక్తి కోసం ఎక్కడ చూడాలి? బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి వెళ్ళి హైదరాబాదులోనూ బెంగళూరులోనూ పదేళ్ళుగా స్థిరపడినవారిలో, తల్లిదండ్రుల వయసు వల్లనో పిల్లల చదువు వల్లనో ఇంటివైపు రావాలనుకునేవారు తప్పకుండా ఉంటారు. వారు ఉద్యోగ ప్రకటనలు చూడరు. దసరాకో సంక్రాంతికో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లోనో కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లోనో దిగుతారు, లేదంటే రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి జాతరకు వస్తారు, నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు. వారిని పట్టుకోవలసింది ఆ నాలుగు రోజుల్లోనే. మీ దగ్గర పనిచేసే ఏడుగురినీ కూర్చోబెట్టి, తమకు పైతరగతుల్లో చదివినవారిలో బయట ఉన్నవారెవరో జాబితా రాయమనండి. దరఖాస్తుల కుప్పకంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది. పెళ్ళి వల్లనో పిల్లల వల్లనో రెండు మూడేళ్ళు ఉద్యోగం మానిన స్త్రీలను కూడా ఆ జాబితాలో చేర్చమనండి. మధ్యలో ఖాళీ కనిపించగానే దరఖాస్తును పక్కకు నెట్టే అలవాటు మన యజమానుల్లో చాలామందికి ఉంది. మీకు ఆ అలవాటు లేకపోతే, పోటీ లేని చోట మంచి పనివాళ్ళు దొరుకుతారు.

కొత్తవారి విషయానికొస్తే మీ చుట్టుపక్కల కాలేజీలకు కొదవ లేదు. బరంపురంలోనే నిస్ట్ ఉంది, ప్రభుత్వం నడిపే పరలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది; గుణుపురంలో గైట్, పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రాంగణ నియామకాల రోజున పెద్ద కంపెనీల వెనుక వరుసలో నిలబడితే మీకు మిగిలేది మిగిలినదే. అంతకు ఏడాది ముందే, మూడో సంవత్సరం విద్యార్థులను వేసవిలో ఇంటర్న్‌లుగా ఇద్దరిద్దరిని తీసుకుని, భత్యం ఇచ్చి, నిజమైన పని అప్పగించండి. రెండు నెలలు పక్కన కూర్చుని పనిచేసిన మనిషి గురించి మీకు తెలిసేది ఏ ఇంటర్వ్యూలోనూ తెలియదు. మీ సంస్థ ఎలాంటిదో వారికీ అంతే తెలుస్తుంది.

ప్రకటన సంగతి. మీరు జతపరచిన ప్రకటనలో పీహెచ్‌పీ, లారావెల్, రియాక్ట్, యాంగ్యులర్, నోడ్, పైథాన్, జావా, మరో అయిదారు ప్రోగ్రామింగ్ భాషల, సాధనాల పేర్లు ఉన్నాయి. అవన్నీ నిజంగా తెలిసినవారు ఆ జీతానికి రారు, వచ్చినవారికి అవన్నీ తెలియవు. దరఖాస్తులన్నీ ఒకే అచ్చులో ఉన్నాయని మీరు బాధపడుతున్నారు గానీ, అచ్చు మీ ప్రకటనే. వచ్చే ఆరు నెలల్లో ఆ మనిషి చేయవలసిన పనిని నాలుగు వాక్యాల్లో రాయండి: ఎలాంటి వెబ్‌సైట్, ఏ భాషలో రాసినది, దానిలో ఏ భాగం. జీతం ఎంత నుంచి ఎంత వరకో అంకెల్లో వేయండి. పనివేళలు, శనివారం సంగతి కూడా చెప్పండి. దరఖాస్తుతో పాటు తాము చేసిన ఒక పని లింకు, దానిలో తమకు కష్టమనిపించిన ఒక చోటు గురించి పది వాక్యాలు పంపమనండి. ఆ పది వాక్యాలతోనే సగం వడపోత అయిపోతుంది.

ఇక ఎంపిక. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 1998లో ఎన్నో దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసి, పనిలో రాణింపును ముందుగా పసిగట్టడంలో అనుభవపు సంవత్సరాల లెక్క చాలా బలహీనమైనదని, అసలు పని నమూనాను చేయించి చూడడం, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే క్రమంలో అడిగే ఇంటర్వ్యూ బలమైనవని తేల్చారు. 2022లో పాల్ సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలను తిరిగి వేసినప్పుడు అంకెలు చాలావరకు తగ్గాయి గానీ, క్రమబద్ధమైన ఇంటర్వ్యూ అన్నిటికంటే పైన నిలిచింది. పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూలో మనం కొలిచేది చాలావరకు మాటకారితనమే. గడగడా చెప్పినవారు పనిలో తడబడ్డారంటే ఆశ్చర్యపోవలసినది లేదు.

పని నమూనా ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది మన ప్రాంతానికి సరిగ్గా అతికే సమస్య. ఒక ఆసుపత్రి వెబ్‌సైట్‌లో రోగుల పేర్ల పట్టిక ఉంది. పేరు పెద్దదైతే మొదటి 20 అక్షరాలు చూపి మూడు చుక్కలు పెట్టే కోడ్ వరుస ఒకటి పీహెచ్‌పీలో రాసి ఉంది. ఇంగ్లీషు పేర్లకు అది చక్కగా పనిచేస్తుంది. తెలుగు, ఒడియా పేర్ల చివర మాత్రం ప్రశ్నార్థకం ఉన్న నల్లని వజ్రం గుర్తు కనబడుతుంది. అభ్యర్థికి ఆ ఫైలు, కొన్ని పేర్లు ఇచ్చి సరిచేయమనండి.

కారణం ఏమిటంటే, అక్కడ వాడిన మామూలు కోత ఫంక్షన్ అక్షరాలను కాక బైట్లను (కంప్యూటర్ నిల్వలోని చిన్న ముక్కలను) లెక్కపెడుతుంది. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా లిపుల ప్రతి సంకేతానికీ, అంటే విడి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ, మూడు బైట్లు పడతాయి. 20ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది కనుక ఏడో సంకేతం మధ్యలో తెగిపోతుంది. ఒక అభ్యర్థి 20ని 21గా మార్చి, గుర్తు పోయింది కదా, అయిపోయిందంటారు. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఒక ఖాళీ ఉన్న రోగి రాగానే ఆ ఖాళీకి ఒక్క బైటే కాబట్టి మళ్ళీ అదే వజ్రం ప్రత్యక్షమవుతుంది. మరొకరు బహుబైట్ల ఫంక్షన్‌ను వాడి సంకేతాల లెక్కన కోస్తారు. ఇది మెరుగే గానీ ‘తెలుగు’ అనే మాటకు కంప్యూటర్ లెక్కలో సంకేతాలు ఆరు, చదువరి కంటికి కనిపించే అక్షరాలు మూడు. తప్పు చోట కోస్తే గుణింతం ఊడిపోయి ఒకరి పేరు మరో పేరుగా మారుతుంది. ఇంకొకరు వచ్చి, ఈ కోత అసలు ఇక్కడ ఎందుకు, పట్టిక వెడల్పును బట్టి బ్రౌజరే పేరును కుదించేలా చేయవచ్చు కదా, ఇదే వరుస ఇంకా ఏ పేజీల్లో ఉంది అని అడుగుతారు. మీరు వెతుకుతున్నది ఆ మూడో మనిషినే. సమస్య చిన్నది, గంటన్నరలో తేలిపోతుంది, మూడు రకాల పనివారినీ మీ కళ్ళ ముందు విడదీసి చూపిస్తుంది.

పరీక్షలో ఇంటర్నెట్, కృత్రిమ మేధ సహాయకాలు వాడనివ్వాలా అని చాలామంది అడుగుతున్నారు. వాడనివ్వండి. రేపు పనిలోనూ వాడతారు. అయితే పూర్తయ్యాక పక్కన కూర్చుని, ప్రతి వరుస ఎందుకు రాశారో చెప్పమని, ఆపైన అవసరాన్ని కొంచెం మార్చి అప్పటికప్పుడు సవరించమని అడగండి. అరువు తెచ్చుకున్న జవాబు అక్కడ ఆగిపోతుంది. పరీక్ష పేరుతో మీ కస్టమర్ పనిని ఉచితంగా చేయించుకోవడం మాత్రం అన్యాయం. పూటకు మించి పని ఇస్తే దానికి డబ్బు చెల్లించండి. ఇంటర్వ్యూ చేసే ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసుకున్న తరువాతే మాట్లాడుకోవాలి. పెద్దాయన ముందుగా పెదవి విరిస్తే చిన్నవారి మార్కులు వాటంతటవే మారిపోతాయి.

వెళ్ళిపోయిన ఆ ఇద్దరికీ ఫోన్ చేసి ఎందుకు వెళ్ళారో అడిగారా? జీతం ఒక కారణమే గానీ, నాతో మాట్లాడినవారిలో ఎక్కువమంది చెప్పేది మరొకటి: తమకంటే ఎక్కువ తెలిసినవారు ఎవరూ లేని చోట, వెనక్కి పోతున్నామన్న భయం. మొదట ఒక అనుభవజ్ఞుడిని తెచ్చుకోమనడానికి ఇది రెండో కారణం. జీతం విషయంలో బెంగళూరుతో సమానంగా ఇవ్వలేకపోవచ్చు. కానీ ‘సొంతిల్లుంది కదా, తక్కువైనా సరిపోతుంది’ అన్న వాదన అభ్యర్థి ముందు ఎప్పుడూ ఎత్తకండి. వారి ఇల్లు వారిది, మీరు కొంటున్నది వారి పనిని. బెంగళూరు జీతంలోంచి అద్దె, ప్రయాణం పోగా చేతిలో మిగిలేదెంతో వారికి బాగా తెలుసు. అంకె వారి ముందు పెట్టి, లెక్క వారినే వేసుకోనివ్వండి.

మరొక సంగతి, బరంపురంలో ఉన్నారు కాబట్టి చెప్పవలసి వస్తోంది. బృందంలో అయిదుగురు తెలుగువారు, ఇద్దరు ఒడియావారు ఉన్నప్పుడు నిర్ణయాలు టీ తాగుతూ తెలుగులో జరిగిపోతాయి. ఆ ఇద్దరికీ సంగతి మరునాడు తెలుస్తుంది, వారు ఏడాదిలో వెళ్ళిపోతారు, వారు నిలకడ లేనివారని మనం అనుకుంటాం. మాట ఏ భాషలో జరిగినా నిర్ణయం మాత్రం అందరూ చదవగలిగేలా పనుల జాబితాలో రాతపూర్వకంగా ఉండాలి. సరిహద్దు పట్టణంలో పనిచేసే సంస్థకు ఇది మర్యాద కోసం కాదు, మనుషులు నిలవడం కోసం కావాలి.

ప్రశ్న: మాది రాయగడ. గుణుపురంలో బీటెక్ పూర్తిచేశాను. ఒక వెబ్ సంస్థలో ఎంపికయ్యాను. మూడు నెలల శిక్షణ ఇస్తామని, అందుకు రెండేళ్ళు మానకూడదని, మధ్యలో మానితే రెండు లక్షలు కట్టాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచాలని, మానిన తరువాత రెండేళ్ళ వరకు ఇదే రంగంలో మరెక్కడా చేరకూడదని ఒప్పందంలో ఉంది. నాన్నగారు ‘చేతికొచ్చిన ఉద్యోగం, సంతకం పెట్టెయ్యమ్మా’ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మూడు షరతులు మూడు రకాలవి, వాటిని విడివిడిగా చూడాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచవద్దు. పరిశీలనకు చూపించండి, సంతకం చేసిన నకళ్ళు ఇవ్వండి, అదే రోజు ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఈ ఒక్క షరతు మీద పట్టుబట్టే సంస్థలో చేరకపోయినా నష్టం లేదు. చేరడానికి ముందు డిపాజిట్ అనీ, నమోదు రుసుము అనీ డబ్బు అడిగితే అక్కడితో మాట ముగించండి.

మానిన తరువాత ఇదే రంగంలో పనిచేయకూడదన్న షరతు చెల్లదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్, ఒక వ్యక్తి చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాన్ని ఆ మేరకు చెల్లనిదిగా ప్రకటిస్తుంది. అయితే సంస్థ రహస్యాలను, కస్టమర్ల వివరాలను బయట పెట్టకూడదన్న షరతు వేరు. అది న్యాయమైనది, దాన్ని పాటించాలి.

మధ్యలో మానితే డబ్బు కట్టాలన్న షరతు, అంటే బాండు సంగతి మాత్రం అంత తేలిక కాదు. అలాంటివన్నీ ఉత్త కాగితాలే అని స్నేహితులు చెబితే నమ్మకండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, విజయా బ్యాంకు ఉద్యోగి ఒకరు మూడేళ్ళు నిండకముందే మానినందుకు రెండు లక్షలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించిన అలాంటి షరతు 27వ సెక్షన్ కిందకు రాదని చెప్పింది. అయితే ప్రభుత్వరంగ బ్యాంకు మళ్ళీ నియామక ప్రక్రియ అంతా జరపడానికి అయ్యే ఖర్చు, ఆ ఉద్యోగి హోదా, జీతం వంటివి ఆ తీర్పులో లెక్కకు వచ్చాయి. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సముచితమైన పరిహారం. మూడు నెలల శిక్షణ అంటే ఏమిటి, ఎవరు నేర్పుతారు, దానికి సంస్థ పెట్టే ఖర్చెంత, శిక్షణలో జీతం ఇస్తారా అన్నవి రాతలో అడగండి. నెలలు గడిచేకొద్దీ కట్టవలసిన మొత్తం తగ్గుతూ పోయేలా మార్చమని కోరండి. సంతకానికి ముందు ఒక న్యాయవాదికి ఆ కాగితం చూపించడానికి అయ్యే ఖర్చు దండగ కాదు, ఈ మాట నాన్నగారితో కూడా చెప్పండి.

బాండ్లు రాయించుకునే యజమానులు కూడా ఈ శీర్షిక చదువుతున్నారు కాబట్టి వారికొక మాట. వెళ్ళిపోవాలని మనసులో అనుకుని, బాండుకు భయపడి కూర్చున్న ప్రోగ్రామరు రాసే కోడ్ ఎలా ఉంటుందో ఒక్కసారి తెరిచి చూడండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో చిన్న వెబ్ సంస్థ మాది. బీసీఏ, డిప్లొమా చదివినవారు కూడా దరఖాస్తు చేస్తున్నారు. బీటెక్ ఉండాలని నియమం పెట్టుకోవడం మంచిదా? – ఒక పాఠకుడు

జవాబు: మంచిది కాదు. వెబ్ పనికి కావలసిన పునాది, అంటే డేటాబేస్‌లో పట్టికలను సరిగ్గా విడదీయడం, సర్వరుకూ బ్రౌజరుకూ మధ్య ఏం జరుగుతుందో తెలియడం, తప్పు సందేశాన్ని భయపడకుండా చదవడం, బీసీఏ వారిలోనూ చూస్తాం, బీటెక్ వారిలో లేకపోవడమూ చూస్తాం. అందరికీ ఒకే పని నమూనా ఇవ్వండి, దిద్దేటప్పుడు డిగ్రీ పేరు కనపడకుండా కాగితం మడవండి. పలాస, పాతపట్నం వైపు నుంచి రోజూ వచ్చి వెళ్ళగల తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు తడబడితే దాన్ని తెలివితక్కువగా లెక్కించకండి. ఇంగ్లీషులో రాసిన డాక్యుమెంటేషన్ చదివి అర్థం చేసుకుంటున్నారా లేదా అన్నదొక్కటి చూస్తే చాలు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారిని ఏడాది పాటు తీసుకుంటే కనీస భత్యంలో సగం కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్ అంటే చవకగా దొరికిన పనివాడని అనుకునే సంస్థకు మాత్రం ఆ పథకం పనికిరాదు, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి నేర్చుకున్నవారు వెళ్ళిపోతారు, నేర్చుకోనివారు మిగులుతారు.

ప్రశ్న: జయపురంలో మా బృందం తొమ్మిది మందికి చేరింది. ఇంకా నలుగురిని తీసుకుందామనుకుంటున్నాం. వారిలో ఇద్దరు విశాఖపట్నం నుంచే ఇంటి దగ్గర పనిచేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా? సంఖ్య పెరిగితే చట్టపరంగా ఏమైనా మారుతుందా? – ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఏమరుపాటున ఉంటారు. మీరు తీసుకోబోయే పదో మనిషి దగ్గర చాలా మారుతుంది. పదిమంది ఉన్న సంస్థకు గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు నిబంధనలు వర్తిస్తాయి. మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవు 26 వారాలు. 2013 నాటి చట్టం ప్రకారం పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీని వేయాలి. దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. నెల వేతనం 21,000 రూపాయలకు మించనివారికి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) కూడా పదిమంది దగ్గరే మొదలవుతుంది. ఇరవై మంది అయితే భవిష్యనిధి (పీఎఫ్) తప్పనిసరి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) ప్రకారం ప్రతి ఒక్కరికీ నియామక పత్రం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవన్నీ జీతాల ఖర్చులో ముందే కలుపుకోండి. పదో మనిషిని ‘ఫ్రీలాన్సరు’ అని రాసుకుని, ఉదయం తొమ్మిదికి కుర్చీలో కూర్చోబెట్టే తెలివి చూపించవద్దు. పని తీరు ఉద్యోగిదే అయినప్పుడు కాగితం మీది పేరు కాపాడదు.

విశాఖ వారి విషయంలో, అనుభవం ఉన్నవారైతే ఒప్పుకోండి. అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవారైతే మొదటి ఆరు నెలలు జయపురంలోనే ఉండాలని చెప్పండి, వారికి వసతి ఏర్పాటు చేయండి. పక్కన కూర్చున్నప్పుడు రెండు నిమిషాల్లో తీరే సందేహాన్ని కొత్తవారు దూరం నుంచి అడగడానికి మొహమాటపడి, అరపూట వృథా చేసుకుంటారు. దూరం నుంచి పనిచేసే ఇద్దరు ఉన్నప్పుడు, రాసిన ప్రతి కోడ్‌నూ, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో వేరొకరు చదివి ఒప్పుకున్న తరువాతే కలపాలన్న నియమాన్ని ఆఫీసులో ఉన్నవారికీ వర్తింపజేయండి, మీతో సహా. లేకపోతే దూరంగా ఉన్నవారిని మాత్రమే అనుమానిస్తున్నట్టు అవుతుంది. వానాకాలంలో కరెంటు, ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లకు, ఇన్వర్టరుకు అయ్యే ఖర్చు సంస్థే పెట్టుకోవాలి.

ప్రశ్న: నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎక్కడా అవునని గాని కాదని గాని చెప్పలేదు. నేనే ఫోన్ చేసి అడిగితే తప్పుగా అనుకుంటారా? – ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: అనుకోరు. ఇంటర్వ్యూ అయిన వారం తరువాత ఒక ఈమెయిల్ పంపండి. ఎంపిక కాకపోతే ఏ విషయంలో వెనుకబడ్డానో ఒక్క వాక్యంలో చెప్పగలరా అని మర్యాదగా అడగండి. నలుగురిలో ఒక్కరు చెప్పినా మీకు లాభమే. యజమానులకు కూడా ఇదే చెబుతున్నాను. ఇంటర్వ్యూ ముగిసిన వారం లోపల అందరికీ జవాబు పంపండి, కాదన్నవారికి కారణం ఒకటి రాయండి. కోడ్ నడిచింది గాని తప్పు డేటా ఇచ్చినప్పుడు ఏమవుతుందో చూడలేదు అన్నంత స్పష్టంగా ఉండాలి. ఈసారి అర మార్కుతో తప్పిపోయినవారి పేర్లు వేరే జాబితాలో ఉంచుకుని, ఆరు నెలల తరువాత ఖాళీ వచ్చినప్పుడు ప్రకటన ఇవ్వకముందే వారికి ఫోన్ చేయండి.